టర్కీ కోడి కడుపులో కాగితం సంచి

ఏమండీ,

తలనొప్పి, చర్చికి రాలేనన్నది అబద్ధం. క్రిస్మస్ మా అక్క మేబెల్ ఇంట్లో చేసుకుంటాను. టర్కీ కోడి ఫ్రిజ్‌లో ఉంది, పచ్చిగానే. మీరు ఈ చీటీ చదివేసరికి భోజనానికి పిలిచిన సంఘ పెద్దలు మీ వెనకే గుమ్మంలో ఉంటారు.

పోయినేడు కోడి కడుపులో కొట్టువాళ్లు గుండె, కార్జం వేసి పెట్టే కాగితం సంచి తీయకుండానే కాల్చేశానని, మొన్న ఆదివారం "పండగ పూట ఇల్లాలు" ప్రసంగంలో నా పేరు పెట్టి చెప్పి సంఘమంతటినీ పగలబడి నవ్వించారు. ఎంత అలిసినా ఇల్లాలు చిరునవ్వుతో అతిథులకు ఎదురెళ్లాలన్నారు కదా, వెళ్లండి. ఏప్రన్ ఇస్త్రీ చేసి మేకుకు తగిలించాను.

లోరీన్

ఆ సంచి ఈసారీ లోపలే ఉంది. తీస్తే తీయండి. లేదంటే వచ్చే ఏడు ప్రసంగంలో మీ పేరు పెట్టి చెప్పుకోండి.