సంచి మీద బొగ్గు గీత

అక్కా, లక్ష్మక్కా,

నీకూ బావకూ తమ్ముడు తిప్పేస్వామి చేతులు జోడించి రాసుకునేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? కుందుర్పి వైపు ముంగారు వాన పడిందా, లేక ఎప్పటిలాగే మేఘం ముఖం చూపించి పక్క ఊరికి పోయిందా? బావ తొందరపడి చెనిక్కాయ విత్తనం వేయలేదు కదా? ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుమానపడకు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో తిడతావు, నేను సగంలో ఆపేస్తాను. సెలవు మీద ఊరికి వస్తున్న మా బోర్లు వేసే బండిలో నాతో పనిచేసే రఫీ చేతికి ఇస్తున్నాను. కవరు అంటించి, అంటు మీద అడ్డంగా సంతకం పెడతాను. సంతకం చెదిరి ఉంటే రఫీనే నిలదీయి.

ఈ ఆఫ్రికా ఖండాన్ని నేను మొదటి రోజు నుంచే నమ్మలేదు. ఓడరేవు నుంచి మా లారీ రెండు పగళ్ళు నడిచినా ఈ టాంజానియా దాటలేదు. ఇలాంటి దేశాలు ఇక్కడ యాభైకి పైగా ఉన్నాయట. రఫీ ఫోన్లో పటం చూపించి, "పైన చూడు సామీ, అంతా ఇసకే. నడాన అడివి, ఆడ వానే వాన. మనం ఉండేది ఈడ, మిట్ట మీద" అన్నాడు. మన్ను అచ్చం మన ఎర్రమన్నే. కానీ జనవరిలో వాన కొడుతుంది, జూన్‌లో చలి పెడుతుంది! రగ్గు కప్పుకొని రాస్తున్నాను. మొదటి బోరులో నూటయాభై అడుగులకే నీళ్ళు ఎగజిమ్మితే ఊరంతా గంతులేసింది. నేను మాత్రం ఎప్పుడు ఎండుతుందా అని వారం రోజులు పోయి చూసి వచ్చాను. ఎండలేదు. మన నాయన నల్లమబ్బును చూసి కూడా "దాన్ని నమ్మొద్దురా" అనేవాడు కదా. నాలుగు బోర్లు ఎండిన చేలో పెరిగిన వాళ్ళం, మనకు నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక తిండి సంగతి. క్యాంపులో వంటకు రెహెమా అని ఒకామెను పెట్టారు. కొండకు అవతలి ఊరి మనిషి, నీకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మాట తక్కువ. వీళ్ళు మొక్కజొన్న పిండితో తెల్లగా సంగటిలాంటిది చేసుకుంటారు, అది నాకు గొంతు దిగదు. అందుకే నువ్వు కట్టించిన పదిహేను కిలోల రాగులు ఆమెకిచ్చి, ముద్ద ఎలా కెలకాలో రఫీ చేత చెప్పించాను. వాడికి వీళ్ళ మాట బాగా వచ్చు. రెండు రోజుల్లో ఆమెకు చెయ్యి తిరిగింది.

నాకూ రఫీకీ రోజుకో పూట ముద్ద అంటే నెలన్నరకు సంచి ఖాళీ కావాలి. నెలన్నర పోయింది, కాలేదు. మూడు నెలలు పోయాయి, కాలేదు. మన ఇళ్ళల్లో తరిగే సంచినే గానీ తరగని సంచిని ఎప్పుడైనా చూశామా అక్కా? సంచికి బయట, రాగులు ఉన్నంత మట్టానికి బొగ్గుతో గీత గీశాను. మరుసటి ఆదివారానికి రాగులు గీతకు పైనే ఉన్నాయి! గుప్పెడు తీసి చూస్తే గింజ మనదానికంటే నల్లగా, సన్నగా ఉంది. ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను. మన మంచి రాగులు ఇంటికి మోసుకుపోయి ఏదో పిచ్చి గింజ పోస్తోంది! ఈ దేశంలో రాగులెక్కడివి, రాగులంటే మనవి కదా.

"ఒక మాట అడుగుదాం సామీ" అన్నాడు రఫీ. "అడిగితే దొంగ ఒప్పుకుంటాదా ఏమప్పా?" అని నేరుగా మేనేజరుకు చెప్పేశాను. ఆ సాయంత్రమే ఆమెను మాన్పించారు. ఆమె తన తెడ్డు తాను తీసుకొని పోయింది. దొంగ కాబట్టే నోరు లేవలేదనుకున్నాను.

పది రోజులకు మా బండి కొండ అవతలికి మారింది. మలుపు తిరగగానే ఎదురుగా రాగిచేను! పిడికిలి ముడిచినట్టు కంకులు, కొండ మొదలు దాకా. లారీ దిగి ఒక కంకి నలిపాను. నల్లటి సన్నగింజ. కోత కోస్తున్న వాళ్ళలో రెహెమా ఉంది.

కొడవలి చేత్తోనే వచ్చింది. తిడుతుందనుకుంటే ఇంటికి పిలిచి రాగి అంబలి పోసింది. ఆమె అన్నయ్య బడిపంతులు, అక్కడే ఉన్నాడు. ఆయన చెప్పింది రఫీ మన మాటలో చెప్పాడు: "రాగులు పుట్టిందే ఈ ఖండంలోనంట సామీ. జొన్నలూ ఈడివేనంట, చింతచెట్టూ ఈడిదేనంట. వేల ఏండ్ల కిందట మన పక్కకు వచ్చినాయంట. మనిషి గూడా మొదట పుట్టింది ఈడనేనంట."

"కోతలు కోస్తాండాడు" అన్నాను నేను.

అప్పుడు రెహెమా నోరు తెరిచింది. వింటూ వింటూ రఫీ తల దించుకున్నాడు. "ఏమంటాండాది?" అంటే మెల్లగా చెప్పాడు: "మీ సంచి ఎప్పుడో అడుగంటిందంట. ఆ దినం మొక్కజొన్నది పెడితే నువ్వు పళ్ళెం తోసేసి లేచిపోయినావంట. మర్నాటి నుంచి తన చేని రాగులు తెచ్చి మీ సంచిలో పోసినాదంట. చెప్తే తినవని చెప్పలేదంట."

అక్కా, ఆ అంబలి గిన్నె కింద పెట్టేశాను. ఉగాదినాడు ఫోన్లో "నీ రాగుల రుచి ఈ ఖండంలో యాడా లేదక్కా" అంటే నువ్వు మురిసిపోయావు, గుర్తుందా? ఆ రోజు నేను తిన్నది ఆమె రాగులే.

సిగ్గుతో చచ్చిపోయాను. మేనేజరు ముందు నా తప్పు ఒప్పుకున్నాను, ఆయన ఆమెను మళ్ళీ రమ్మన్నాడు. ఆ వంట జీతంతోనే ఆమె ఇల్లు గడిచేది, అయినా రానంది. "సంచికి గీత గీసినోనికి నేను వండను. ఆకలైతే ఇంటికి రా, పెడతా" అన్నదట. నాలుగు తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

రఫీ తిరిగి వచ్చేటప్పుడు ఒక సంచి రాగులు పంపు. నాకు కాదు, ఆమెకు. నాయన దాచిన విత్తనంతో పండినవే పంపు. నీ పాత చీర అంచుతో నువ్వు వేసే ముడే వేయి, ఆమె చేత్తోనే విప్పుకోనీ. ఆ సంచి చూసైనా వంటకు వస్తుందో రాదో తెలియదు. పంతులు చెప్పింది నిజమైతే, ఆ గింజలు పుట్టింటికి వచ్చినట్టే.

బావకూ పెద్దమ్మకూ నా దండాలు చెప్పు. తిట్టాలనుంటే తిట్టు, తిట్టినాక దీవించు. ఇంకొక్క మాట. పైన రాసినట్టే సంతకం పెట్టి అంటించిన కవరును ఇప్పుడే చించేశాను, ఈ మాట రాసేందుకు. వేరే కవరులో పెట్టి రఫీకి ఇస్తున్నాను. అది అంటించలేదు.

నీ తమ్ముడు,
తిప్పేస్వామి