బోండాలు కట్టిన కాగితం

బెంగళూరు

నాయనకు,

నీ లోహిత దండాలు. ఫోనులో చెబుదామంటే నోరు రాదు, అందుకే రాస్తున్నాను. మొన్న ఆదివారం నీకు చెప్పకుండా పాకాల వచ్చాను. జాతీయ పోటీల్లో నాకూ నా జోడీ నిస్సీకీ జంట ఈతలో, అదే పాటకు ఇద్దరం ఒకేలా నీళ్లలో ఆడే ఆటలో, బంగారు పతకం వచ్చింది కదా, దాన్ని నీ మెడలో వేయాలని. రైలు దిగి మన టిఫిన్ బండి దాకా వచ్చాను. నువ్వు ఎవరికో బోండాలు కడుతున్నావు. ఆ పేపరు కాగితంలో మా ఫోటో. తలలు నీళ్లలో, నాలుగు కాళ్లు పైకి. ఆ కాళ్ల మీదే వేడి బోండాలు పెట్టావు. పక్కన గంగాధరం మామ, "మొగం కనపడేది లే, కాళ్లు మాత్రం ఊరికంతా సూపిస్తా ఉండాది. ఈ ఫోటో పట్టుకోని సంబంధానికి యాడికి పోయేది బావా?" అన్నాడు. నువ్వు తల వంచుకుని దారం చుట్టావు. నేను వచ్చిన దారినే వెనక్కి పోయాను.

అప్పటినుంచి పూల్‌లో దిగాలంటే సిగ్గు. గట్టు దాకా తువ్వాలు చుట్టుకుని పోతున్నాను. మొదటిసారి ఈతకు దిగినప్పుడు కూడా లేని సిగ్గు ఇది. మామ నోరు ఎప్పుడూ అంతే, దానికి కాదు. నువ్వు సిగ్గుపడ్డావే, దానికి. ఆసియా పోటీల క్యాంపుకు మా ఇద్దరినీ పిలిచారు. రానని చెప్పేస్తాను. నిస్సీకి ఇంకా చెప్పలేదు. జంటలో ఒకరు మానేస్తే రెండోవాళ్ల పని కూడా అయిపోయినట్టే.

నీ కూతురు
లోహిత

పాకాల

చిరంజీవి లోహితకు,

నాయన దీవెనలు. నువ్వు చూసింది నిజమే. అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను, అది నువ్వు చూడలేదు. ఆ ఫోటో ఊళ్లో ఎవరి కంటా పడకూడదని స్టేషన్ దగ్గర అంగట్లో పేపర్లన్నీ కొనేశాను. తెచ్చి బండి కింద తోశాను. ఆదివారం గిరాకీలో చెయ్యి అలవాటుకొద్దీ వాటినే తీసి పొట్లాలు కట్టింది. దాచాలనుకున్నదాన్ని ఇంటింటికీ నేనే పంచాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

మరునాడు పూలమ్మే దేవకమ్మ ఆ నూనె కాగితం సాపు చేసుకుని తెచ్చింది. "సుబ్రమణ్యం, ఈడ మన పాప పేరుండాది కదప్పా. ఇంత మంచి కబురు సెప్పకుండా బోండాలకు కడితివే. ఇందులో మన పాప కాళ్లు ఏవి?" అని అడిగింది.

నాకు తెలియలేదు తల్లీ. నీకు నడక నేర్పినవాణ్ణి. తిరుపతిలో నిన్ను మొదటిసారి ఈతకు దించిన రోజు నీ చెప్పులు పట్టుకుని గట్టున నిలబడ్డాను. నువ్వు పెద్దయ్యాక ఒక్క పోటీకీ రాలేదు. బండి వదిలి రాలేనని అబద్ధం చెప్పాను, ఈత బట్టల్లో నిన్ను చూడడానికి సిగ్గుపడి. దేవకమ్మ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ కాగితం బండి అద్దానికి అంటించాను. వచ్చినవాళ్లంతా నీ కాళ్లు ఏవని అడుగుతున్నారు, మీ మామతో సహా. నీవి ఏవో రాయి. క్యాంపు మానేశానని మాత్రం రాయొద్దు.

మీ నాయన
సుబ్రమణ్యం

బెంగళూరు

నాయనా,

నీ ఉత్తరం నిస్సీకి చదివి వినిపించాను. ఇద్దరం ఆ ఫోటో ముందేసుకుని కూర్చున్నాం. ఇవి నావి అంటుంది, కాదు నావి అంటాను. చివరికి ఇద్దరికీ తెలియలేదు. ఎవరివో తెలియకుండా ఉన్నందుకే మాకు బంగారం ఇచ్చారు. అడిగినవాళ్లకు నాలుగూ మావేనని చెప్పు.

క్యాంపుకు పోతున్నాం. పోటీ రోజు బండి మూసేసి రా. మొదట నీకు నాలుగు కాళ్లే కనిపిస్తాయి. కాసేపటికి మా తలలు నీళ్లలోంచి పైకి లేస్తాయి, అప్పుడు నేనెవరో నీకు తెలుస్తుంది. అందాకా నువ్వు తల వంచుకోకు.

లోహిత