తిమింగలానికి పెట్టిన చీర

సుగుణకు, ఇక్కడ నేనూ పొదుగుడు కోడీ కులాసా.

ఫోన్లో చెబితే సగంలోనే తిడతావని కార్డు రాస్తున్నాను. మొన్న మన మైపాడు ఒడ్డుకు తిమింగలం పిల్ల ఒకటి ప్రాణంతో కొట్టుకొచ్చింది. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తే, తోక పట్టి లాగొద్దు, మేం వచ్చేదాకా తడిగుడ్డ కప్పి ఉంచండి అన్నారు. నేను ఇంటికి పరిగెత్తి బీరువాలో చేతికందింది తెచ్చి కప్పాను. తీరా చూస్తే అది నీ సీమంతానికి మీ అమ్మ పెట్టిన వెంకటగిరి చీర.

ఆడవాళ్లు దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. పోటు వచ్చాక గుడ్డలన్నీ తీసేసి అందరం లోతుకు నెట్టాం. ఈదుకుంటూ పోయింది. నేను చీర మడత పెడుతుంటే పక్కింటి చెంచమ్మవ్వ లాక్కుంది.

"పుట్టింటికొచ్చిన గంగమ్మ బిడ్డకి పెట్టిన కోకరా ఇది. మళ్లా ఇంటికెట్టా తీసకపోతావు?"

అది మగదని ఫారెస్టు వాళ్లతో వచ్చిన పశువుల డాక్టరమ్మ చెప్పినా అవ్వ వినలేదు. గంగమ్మ బిడ్డ తరఫున తానే కట్టుకుని తిరుగుతోంది. జరీ అంచు ఆమెకు బాగానే ఉంది.

మిక్సీ మూత ఎక్కడ పెట్టావు? ఐరన్ మాత్రలు మానొద్దు. చీర సంగతి మీ అమ్మకు తెలియనివ్వకు.

అత్తా, ఈ కార్డు ముందు నువ్వే చదువుతావని నాకు తెలుసు. ఒక బిడ్డ బతికి ఇల్లు చేరింది, కోపం పెట్టుకోవద్దు. బారసాలకు అవ్వ ఆ చీరలోనే వస్తుందట. గుర్తుపట్టనట్టు ఉండు.

నీ అల్లుడు మస్తానయ్య