పెద్దోడిని షెడ్డులోకి మార్చిన సంగతి

నాన్నకు,

నీ చిన్నది రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. పెద్దోడు కూడా బాగున్నాడు. ఆ ముక్క ముందే రాయకపోతే మిగతా ఉత్తరం నీ కళ్ళకి ఆనదని నాకు తెలుసు. అక్కడ నువ్వూ, అక్కా, బావా, వాళ్ళ కొత్త ఇంటి గోడలూ కులాసా అనుకుంటాను.

ఇద్దరాడపిల్లల తండ్రి తోటలు దున్నే తన టిల్లర్‌కి పెద్దోడు అని పేరు పెట్టుకుంటే ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఈసారి మాత్రం ఊరుకోను. 'నీ చిన్నకూతురు పెద్దోడిని ఇంట్లోంచి గెంటేసింది' అని అత్త నీకు ఫోన్ చేసి చెప్పిందట. నువ్వు వెంటనే నమ్మేశావు. 'చదువుకున్నదానివి, మట్టివాసన పడదని తెలుసు. కానీ నేను వచ్చేదాకా ఓర్చుకోవాల్సింది. వచ్చే నెల వస్తాను, వచ్చిన మర్నాడే పనిలోకి దిగుతాను, వాణ్ణి తీసుకెళ్ళి మళ్ళీ వెనకగదిలో పెట్టు' అని అక్క చేత రాయించావు. మట్టివాసనట! నువ్వు వెళ్ళిన రెండు నెలల్లో పదిహేడు తోటలు దున్నాను. గోళ్ళ సందుల్లో మట్టి ఇక నాతోనే ఉండిపోయేలా ఉంది. నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపిస్తూ పెద్దగా నవ్వాను. తర్వాత నా గదిలోకి వెళ్ళి మళ్ళీ చదివితే నవ్వు రాలేదు. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు 'సరే సరే, అమ్మకివ్వు' అంటావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నాకు పడనిది పెట్రోల్ వాసన. నువ్వు పెద్దోడిని పెట్టే వెనకగదిలో గ్యాస్ గీజరు ఉంది. దాని అడుగున చిటికెనవేలంత నీలం మంట ఇరవైనాలుగు గంటలూ వెలుగుతూనే ఉంటుంది. ఒకరోజు పొద్దున ఆ గది తలుపు తీస్తే ముక్కు అదిరింది. ట్యాంకు మూత చుట్టూ చెమ్మ. నాలుగడుగుల దూరంలో మంట. గ్యాస్ కట్టేసి, కిటికీ తీసి, పెద్దోడిని పెరట్లోకి తోశాను. అమ్మ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమిటే పొద్దున్నే ఈ సామాన్ల సర్దుడు?"

"అమ్మా, ముందు నువ్వు బయటికి రా."

"నీళ్ళు కాగుతున్నాయే!"

"ఇవాళ చన్నీళ్ళు పోసుకో. వస్తావా, ఎత్తుకొచ్చెయ్యనా?"

సరిగ్గా అప్పుడే అత్త గేటు తీసుకుని వచ్చింది. తను చూసింది నేను వాణ్ణి తోస్తూండగా. అదే నీకు చెప్పింది. ఎందుకు తోశానని మాత్రం తనూ అడగలేదు, నువ్వూ అడగలేదు.

షెడ్డులో తుప్పు పట్టడా అని అడిగావు. పట్టడు. పని అయ్యాక ఇంజన్ చల్లారేదాకా ఆగుతాను, ఆ వంకన ఒక టీ కూడా అవుతుంది. ఇంజన్ మళ్ళీ అంటుకోకుండా ప్లగ్ వైరు ఊడదీశాకే బ్లేడ్ల జోలికి వెళతాను. మట్టి గీకి, పొడిగుడ్డతో తుడిచి, కాస్త ఆయిల్ రాసి, చెక్కపలక మీద నిలబెడతాను. రేకుల్లోంచి కారే నీళ్ళు ఆ మూలకి రావు, నిన్న వానలో గొడుగేసుకుని వెళ్ళి మరీ చూశాను. పని లేని వారాలు వస్తే ట్యాంకు ఖాళీ చేస్తాను. పెట్రోల్ ఇప్పుడు ఎర్ర డబ్బాలో, ఇంటికి దూరంగా, తాళం వేసి ఉంది. నువ్వు మంచినీళ్ళ సీసాలో పోసి ఉంచిన పెట్రోల్‌ని అమ్మ ఒకసారి మందారానికి పోయబోయింది. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది కాబట్టి ఇది నువ్వు చదవలేదు.

చెప్పులతో నడుపుతున్నానా అని అడిగావు. లేదు. నీ బూట్లే, రెండు జతల మేజోళ్ళ మీద.

ఇంటర్వ్యూ ఏమైందని అడిగావు. వెళ్ళాను. బల్లకి అటుపక్క ముగ్గురు కూర్చున్నారు. 'ప్రస్తుతం ఏం చేస్తున్నారు?' అన్నారు. 'తోటలు దున్నుతున్నాను' అన్నాను. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. నేను నవ్వడం లేదని గమనించాక ఒకాయన నా కాగితాలు మళ్ళీ మొదటి పేజీ నుంచి తిరగేశాడు. ఇంకా కబురు లేదు. నాకు బెంగా లేదు.

ఇక దాచిపెట్టిన సంగతి. పోయిన నెల నా కాలికి ఆరు కుట్లు పడ్డాయి కదా. మెట్ల మీద జారానని అమ్మకి చెప్పాను, అమ్మ నీకు చెప్పింది. నేను మెట్ల మీద జారలేదు.

ఆ రోజు టీచరమ్మ తోట దున్నుతున్నాను. నువ్వు ఏటేటా దున్నే తోటే, వెనక ఎత్తు గోడ ఉంటుంది కదా, అక్కడ మలుపు తిప్పడానికి రివర్స్ వేశాను. వెనక్కి చూసుకోలేదు. రెండడుగులు వేసేసరికి మడమ గోడకి తగిలింది. పెద్దోడు వస్తూనే ఉన్నాడు. పిడి వచ్చి పొట్టలో గుచ్చుకుంది. వీపు వెనక గోడ, పాదాల ముందు తిరుగుతున్న బ్లేడ్లు. రెండు చేతులూ వదిలేశాను. వదిలితే ఇంజన్ ఆగాలి. పిడి కింద ఉన్న ఆ మీటకి ఉన్న పనల్లా అదే, మనిషి చెయ్యి తీస్తే బండిని ఆపడం. ఆగలేదు.

టీచరమ్మ వరండాలోంచి అరిచింది. "వదిలెయ్యి! అమ్మాయ్, వదిలెయ్యి దాన్ని!"

"వదిలేశానండీ!"

చేతులు రెండూ పైకెత్తి చూపించాను, పోలీసులకి దొరికిన దొంగలాగా. ఇంజన్ దగ్గరి స్విచ్చికి చెయ్యి అందడం లేదు. బ్లేడు ఎడమ బూటు అంచుని కొరికి, దాని పైన కాలికి తగిలింది. అంతలో మట్టిలో పూడిపోయిన పాత బట్టలారేసే తీగ ఒకటి బ్లేడ్లకి చుట్టుకుని ఇంజన్ మూలిగి ఆగింది. దున్నే ముందు తోటంతా నడిచి రాళ్ళూ తీగలూ ఏరాలని నువ్వే నేర్పావు. ఆ మూల నేను ఏరలేదు. ఆ రోజు నా బద్ధకమే నన్ను కాపాడింది. ఇంకోసారి కాపాడుతుందన్న నమ్మకం నాకు లేదు.

పెద్దోడు ఎందుకు ఆగలేదో నీకు తెలుసు. మీటని పిడికి కలిపి నల్లటేపు చుట్టి ఉంది. చుట్టింది నువ్వు.

నా తప్పూ చెబుతాను. ఆ టేపు మొదటి వారంలోనే చూశాను. ఎందుకు చుట్టావో ఊహించాను కూడా. గంటసేపు మీట నొక్కి పట్టుకుంటే వేళ్ళు లాగుతాయి, నాన్న ఏర్పాటు భలే ఉందే అనుకుని దాన్ని అలాగే ఉంచాను. కాబట్టి ఆ ఆరు కుట్లలో మూడు నావి.

పెద్దోడిని తీసుకెళితే మెకానిక్ బాబాయ్ టేపు కోసి, మీట నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి చూశాడు.

"మీ నాన్నది రెండేళ్ళుగా ఇదే గొడవ. స్ప్రింగు బిగుసుకుపోయింది, వదులు చెయ్యమంటాడు. ఇందులో బిగుసుకోవడానికేముందే? నువ్వే నొక్కు."

నొక్కాను. రెండు వేళ్ళకే దిగింది.

"చూశావా? ఈ మాట అంటే నన్ను పని రానివాడివని తిట్టి వెళ్ళాడు మీ నాన్న."

నేను నవ్వలేదు. ఇంటికి వస్తూంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మండే ఎండలో కూడా టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేడి బాగుంది అనడం. బొత్తాల చొక్కాలన్నీ పెట్టెలో పెట్టేసి, మెడలోంచి వేసుకునేవే కొనుక్కోవడం. సీసా మూత అమ్మ చేతికిచ్చి 'నీ బలమెంతో చూద్దాం' అని పందెం కట్టడం. ఆ పందేలన్నీ అమ్మే గెలిచింది, ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. ఇప్పుడు నీ ఉత్తరం అక్క దస్తూరీలో ఉంది. కళ్ళజోడు పగిలిందని రాయించావు. కింద సంతకం ఒక్కటే నీది. కళ్ళజోడు లేనివాడి సంతకం గీత దాటి పోవచ్చు. నీది మధ్యలో ఆగిపోయి, పక్కన మళ్ళీ మొదలైంది.

నాన్నా, స్ప్రింగు బాగానే ఉంది. నీ కుడిచేతికే మీటని పట్టి ఉంచే బలం లేదు. అది ఒప్పుకోవడం కన్నా టేపు చుట్టడం తేలికనిపించింది నీకు. రెండేళ్ళపాటు ఆగని మెషీన్ వెనక నడిచావు. గోడ దగ్గర నువ్వుంటే అరిచి చెప్పడానికి కూడా పక్కన ఎవరూ ఉండేవారు కాదేమో.

దెబ్బ ఎలా తగిలిందో నిన్న అమ్మకి చెప్పాను. కూర తరుగుతూ చాలాసేపు తిట్టింది. తర్వాత లేచి వెళ్ళి, నీ బూటు తెచ్చి, చిరిగిన అంచులోంచి వేలు దూర్చి చూసింది. నీ చేతి సంగతి మాత్రం తనకి చెప్పలేదు, అక్కకీ చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవాల్సింది. అక్క ఇంటి వీధి చివర్లోనే డాక్టరు ఉన్నాడు. వచ్చేలోగా చూపించుకో.

వచ్చిన మర్నాడే పనిలోకి దిగుతానన్నావు. టీచరమ్మ తోటలో గోడవార మూల ఇంకా మిగిలే ఉంది. అది నేను దున్నుతాను. ఆ తర్వాతి తోటలు కూడా నేనే దున్నుతాను. ఉద్యోగం వస్తే ఆదివారాలు దున్నుతాను. నువ్వు కుర్చీ వేసుకుని నా తప్పులు పట్టు, వింటాను. పెద్దోడు షెడ్డులోనే ఉంటాడు. షెడ్డు తాళంచెవీ, ప్లగ్గూ నా దగ్గర ఉంటాయి. పిడి నీ చేతికి ఇవ్వను.

ఇట్లు,
పెద్దోడిని గెంటేసిన నీ చిన్నది