సర్వర్ పడిపోయింది

ప్రొద్దుటూరు

చిరంజీవి ఆదినారాయణకు అక్క యశోదమ్మ ఆశీస్సులు.

నన్ను కాపాడింది బస్సు కండక్టరని ఊరంతా చెబుతున్నావట. తప్పు. గండి గుడి నుంచి తిరిగి వస్తూ మీ పులివెందుల బస్టాండులో కళ్ళు తిరిగి పడితే, తల ఒళ్ళో పెట్టుకుని, ముఖాన నీళ్ళు చల్లి, బస్సెక్కించింది ఒక ఆడమనిషి. ఆ హడావుడిలో ఆమె స్టీలు డబ్బా నా సంచిలోకి వచ్చేసింది. ఉద్యోగమంతా పిల్లల పేర్లు పిలిచిన దాన్ని, ఆమె పేరు మాత్రం అడగలేదు. డబ్బా ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పుకుంటేగాని నాకు నిద్ర పట్టదు.

అందుకే ఇంటర్నెట్టులో ఒక పేజీ పెట్టాను: డబ్బా ఫొటో, కింద “అమ్మా, ఇది నీదేనా?” దీనికోసం పుస్తకం ముందేసుకుని ఇంట్లోనే సర్వర్‌ను పెట్టుకున్నాను. ఎవరడిగినా పేజీ తెచ్చి చూపిస్తుంది. రేయింబవళ్ళు మేలుకునే ఉంటుంది. నిన్న వేడెక్కి పడిపోతే లేపి మళ్ళీ పనిలో పెట్టాను.

మీ అక్క

తా.క.: డబ్బాలో చిత్రాన్నం ఉండింది. పాడవుతుందని తినేశాను. ఉప్పు కాస్త తక్కువ. ఆ మాట పేజీలో పెట్టలేదు.

పులివెందుల

అక్కకు ఆదినారాయణ దండాలు.

ఇంటర్నెట్టు ముచ్చట నాకు తెలీదు గానీ, సర్వర్‌ను పెట్టినావంటే హోటలు తెరిచినట్టే కదా! హెడ్‌మాస్టరమ్మ దోసెలు పోస్తాందంటే నేను తలెత్తుకుని తిరగాల్నా వద్దా? అది పోనీ. ఆ ఆడకూతుర్ని నిద్ర లేకుండా నిలబెడతాండావా? జరం వచ్చి పడిపోతే లేపి పనిలో పెట్టినావా? దానికి ఇంత కూడన్నా పెడతాండావా?

నీ తమ్ముడు

తా.క.: మా తోట అరిటాకులు పంపుతాండా. హోటలుకు పనికొస్తాయి.

ప్రొద్దుటూరు

ఆదినారాయణకు ఆశీస్సులు.

నీ ఎగతాళికి నవ్వుకున్నాను. ఆకులు అందాయి. దానికి కూడు అక్కర్లేదు, కరెంటు పెడితే చాలు. కిటికీ పక్కన బల్ల మీద ఉంచి ఫ్యాను తిప్పాను. పేజీ చూసినవాళ్ళు ఇంతవరకు ఒక్కరే. అది నేనే.

దిగులుతో, అక్క

తా.క.: దొంగలు చొరబడకుండా దాని చుట్టూ నిప్పుగోడ, అదే ఫైర్‌వాల్, కట్టాను. వచ్చేవాళ్ళకోసం ఒక్క కంత వదిలాను.

పులివెందుల

అక్కా! దండాలు తర్వాత.

మనిషికి కరెంటు పెడతావా? చుట్టూ నిప్పా? నీ బెత్తం దెబ్బలు తిన్నోన్ని, నువ్వు చేస్తానంటే నమ్ముతా. బస్టాండులో నిలబడి అందరికీ చెప్పినా, “ప్రొద్దుటూరులో మా అక్క ఇంట్లో ఒక ఆడకూతురు నలిగిపోతాంది, ఎవరన్నా పోయి విడిపించండప్పా” అని. ఇంటి గుర్తులు గూడా చెప్పినా.

భయంతో, తమ్ముడు

తా.క.: నేనే వస్తుంటి. కానీ ఇంట్లో నువ్వుంటావు కదా.

ప్రొద్దుటూరు

ఆదినారాయణకు ఆశీస్సులు.

అది కంప్యూటరురా నాయనా.

అయినా ఈసారి నిన్ను తిట్టను. నీ గోల విని ఒకామె బస్సెక్కి వచ్చి నా తలుపు బాదింది. “ఆ పాపను యాడ దాచినావు? ముందు బయటికి పంపు!” ఆ గొంతు నేను మరిచిపోయేది కాదు. లోపలికి పిలిచి సర్వర్‌ను చూపించాను. తెర మీద తన డబ్బా. డబ్బాను చూసింది, నన్ను చూసింది. “యా అల్లా! ఆ పొద్దు పడిపోయింది నువ్వేనా? ఇంకా నీరసంగానే ఉండావే, తిన్నావా?” అంది.

పేరు అక్తర్ బీ. మీ బస్టాండు ఎదుట గాజుల అంగడి. ముక్కూ మొహం తెలియని ముసలిదాని కోసం ఒకసారి, కంప్యూటరు కోసం ఒకసారి అంగడి మూసుకున్న మనిషి. చెప్పాలని దాచుకున్న నాలుగు మాటల్లో ఒకటి మొదలుపెట్టానో లేదో, “దానికేముందిలేక్కా” అని ఆమే నా చెయ్యి పట్టుకుంది. నీ అరిటాకుల్లోనే ఇద్దరం తిన్నాం. ఆమె చిత్రాన్నంలో ఉప్పు తక్కువన్నాను. నా పప్పులో ఎక్కువంది. స్నేహం కుదిరింది.

పేజీలో మాట మార్చాను: “అక్తర్ బీ, దొరికావు.” సర్వర్‌ను ఆపను. నీ తెలివికి కూడా తొలిసారి రుణపడ్డాను.

మాటల్లో పడి ఆమె డబ్బా మళ్ళీ ఇక్కడే మరిచిపోయింది. రేపు పొద్దున బస్సులో పంపుతున్నాను. దించుకుని నేరుగా గాజుల అంగట్లో ఇచ్చిరా.

సంతోషంతో, అక్క

తా.క.: ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు గనుక నేతి ఓళిగలు పెట్టాను. మూత తీయొద్దు. ఇది ఇంటర్నెట్టు కాదు, నీకు బాగా అర్థమయ్యే విషయం.