నీలం తలుపు

ఆగస్టు 22, శుక్రవారం
అమ్మ ఆల్బమ్ ఇవాళ వచ్చేసింది. పేరు ‘నీలం తలుపు’. అందులో ఆరో పాట పేరు కూడా అదే. అది నా గురించే.
పోయిన వేసవిలో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నాక్స్‌విల్‌లో నాన్న ఇంటికి పోయాను. నీలం తలుపు కొట్టాను. లోపల లైటు ఆరిపోయింది. అంతే. అమ్మ కారేసుకొచ్చి తీసుకెళ్లింది.
స్కూల్లో మాత్రం నాన్న సముద్రంలో ఆయిల్ రిగ్ మీద పనిచేస్తాడని చెప్పాను. ఈ పాట ఎవరైనా వింటే నా పని అయిపోయినట్టే.
రికార్డింగ్‌కి ముందు అమ్మ అడిగింది, నీకిష్టం లేకపోతే తీసేస్తానే తల్లీ అని. నీ ఇష్టం అన్నాను. వద్దు అనడానికి నోరు రాలేదు.

సెప్టెంబర్ 9
ఆల్బమ్‌లోంచి రేడియోకి ముందు ఇచ్చింది బీరు మీద ఉన్న పాట. బతికిపోయాను!
అమ్మ గిటార్ పట్టుకుని ఊరూరా రేడియో స్టేషన్లు తిరుగుతోంది. అక్కడి పెద్దమనుషులు మీటింగ్ రూమ్‌లో పిజ్జా తింటుంటే ఎదురుగా నిలబడి పాడాలి. వాళ్లకి నచ్చితేనే వేస్తారు. ఒకాయన ఫోన్ లోంచి తలెత్తకుండానే, ఆడవాళ్ల పాట ఈ వారం ఒకటి వేసేశాం కదమ్మా అన్నాడట. అమ్మ అది జోక్‌లా చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సెప్టెంబర్ 30
బీరు పాట రేడియో పాటల చార్ట్‌లో యాభయ్యో నంబర్ దగ్గరే చచ్చింది. ఆల్బమ్ అమ్ముడుపోవట్లేదు. ఇలాగే ఉంటే రికార్డు కంపెనీ అమ్మని వదిలేస్తుందట. ఏడుపొచ్చింది. లోపలెక్కడో సంతోషం కూడా. ఛీ, నేనేం మనిషిని.

అక్టోబర్ 3
కొంప మునిగింది.
టల్సా రేడియోలో ఒకావిడ పొద్దున షోలో ఎవర్నీ అడక్కుండా ‘నీలం తలుపు’ వేసేసిందట. ఫోన్లు ఆగలేదట. కంపెనీ మనిషి గార్లాండ్ తిన్నగా మా వంటింట్లోకొచ్చి, ఇంత మంచి పాటని ఆరో నంబర్లో దాచిన వెధవ ఎవడు డార్లీన్ అన్నాడు. నువ్వే గార్లాండ్, అంది అమ్మ.
ఇక రేడియోలకి పంపే సింగిల్ అదే. అమ్మ నా వైపు చూసింది. నేను ఫ్రిజ్ లోపలికి చూశాను.

నవంబర్ 5
పాట చార్ట్‌లో ముప్పై రెండుకి వచ్చింది. స్కూల్ బస్సులో అది రాగానే డ్రైవర్ సౌండ్ పెంచాడు. ముఖం కిటికీకి అతికించేశా.

నవంబర్ 15, శనివారం
కుక్‌విల్‌లో షో. అయ్యాక టేబుల్ దగ్గర టీషర్టులు అందిస్తున్నా. అమ్మ సంతకాల కోసం క్యూ గుమ్మం దాటింది. ఒకామె అమ్మ చెయ్యి పట్టేసుకుని, మా చెల్లి కథ నీకెవరు చెప్పారే అని నిలదీసింది. మాది గోధుమరంగు తలుపు హనీ, మిగతాదంతా అచ్చం అదే, అంది. తర్వాతామె, కాదు, అది మా పిల్ల కథ అంది. ఇద్దరూ నిజంగానే పోట్లాడుకున్నారు! వాళ్ల వెనక ఒక ముసలాయన టోపీ తీసి, లోపల లైటు ఆర్పింది నేనేనమ్మా అన్నాడు.
నన్ను ఎవ్వరూ చూడలేదు. సైజు అడగడానికి తప్ప.
కారులో అమ్మ అడిగింది, ఇప్పుడైనా చెప్పు, ఆపేయనా అని. పాడు, అన్నాను. ఆకలేసింది. రెండు బర్గర్లు తిన్నా.

ఫిబ్రవరి 23, సోమవారం
నంబర్ వన్!!! అమ్మ వంటింట్లో నేల మీద కూలబడి నవ్వుతోంది. కంపెనీ ఇంకో రెండు ఆల్బమ్‌లు చేయమందట.

ఫిబ్రవరి 24
బ్రిన్లీ స్టోక్స్, క్లాసులో అందర్నీ ఏడిపించే బ్రిన్లీ, బాత్రూమ్‌లో కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి, మీ అమ్మ పాట నా గురించే, ఎవరికైనా చెప్పావో చంపేస్తా అంది. వాళ్ల నాన్న ఉండేది చాటనూగాలోనట. మా నాన్న రిగ్ మీద లేడు, నాక్స్‌విల్‌లో ఉన్నాడు అని చెప్పేశా.
ఎవరి నాన్న ఇల్లు ఎక్కువ దూరమో అని వాదించుకున్నాం. నేనే గెలిచా.