బకెట్‌ల బతికిన చేప

తమ్ముడు సైదులుకు,

అక్క రాస్తున్న. ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనియ్యవు, అందుకే ఉత్తరం.

వారం రోజులు మా చేపల తొట్టి చూడమని తాళం ఇచ్చిపోతే, ఒక్కదాని తోక చినిగిందని అన్నిటికీ మందులు పోసినవు. పొద్దున నీలిమందు, మధ్యాహ్నం గోళీల పొడి, తగ్గకుంటే డబుల్. నీ ఆరెంపీ క్లినిక్‌ల సర్దైనోళ్లకు చేసేది గదే కదా. మంచిగున్న ఎనిమిది చేపలు సచ్చినయి.

తోక చినిగినదాన్ని మాత్రం ఇగ బతకదని బకెట్‌ల ఏసి మర్చిపోయినవు. ఉత్త నీళ్లల్ల అది మంచిగ ఈదుతాంది.

బాపుకు మూడు రోజులసంది జరం. నల్లగొండ దవాఖానకు తీస్కపోతున్న. నువ్వు సూది పట్టుకొని రాకు. ఆ చేపను మర్చిపోయినట్టు బాపును గూడ జర మర్చిపో.